విన్న పుస్తకం గురించి నలుగురిలో ఏం చెప్పాలి?

ప్రశ్న: మియాపూర్ నుంచి గచ్చిబౌలికి ఒకే కారులో ఆఫీసుకు వెళ్లివచ్చే మేం నలుగురం స్నేహితులం కొంతకాలంగా ఇంగ్లీషు సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ నవలలను ఆడియోబుక్‌ల రూపంలో ఎవరికి వారు వింటున్నాం. నెలకోసారి ఒకరింట్లో కలిసి, విన్నవాటి గురించి మాట్లాడుకోవాలనుకున్నాం. కానీ మా మాటలు ‘బాగుంది’, ‘బోరు కొట్టింది’ అన్నచోటే ఆగిపోతున్నాయి. మిగతావారు మెచ్చుకున్న ‘పిరనేసి’ వింటూ నేను నిద్రపోయాను. ‘ద వే ఆఫ్ కింగ్స్’ను ఐదు గంటలు విని వదిలేశాను. ‘ప్రాజెక్ట్ హేల్ మేరీ’ని మాత్రం ఇల్లు చేరాక కూడా మెట్లమీద కూర్చుని విన్నాను. లోపం నా ఇంగ్లీషులో ఉందా, ఆ పుస్తకాల్లో ఉందా? ఈ మధ్య మీరు విన్నవాటిలో ఏవి నచ్చాయి? నచ్చినదాన్ని గురించి నలుగురికీ పనికొచ్చేలా ఎలా చెప్పాలి?
– ఒక పాఠకుడు, మియాపూర్, హైదరాబాదు

సమాధానం: మీ ఇంగ్లీషులో లోపమేమీ లేదు. పదహారు గంటల పైచిలుకు సాగే ‘ప్రాజెక్ట్ హేల్ మేరీ’ని మెట్లమీద కూర్చుని మరీ విన్నవారికి భాష అడ్డం వచ్చిందంటే నేను నమ్మను. మీరు పేర్కొన్న మూడు పుస్తకాలూ చెవిని మూడు రకాలుగా పరీక్షిస్తాయి, ఆ తేడాను గుర్తించకపోవడం వల్లనే మీ చర్చలు రెండు ముక్కల్లో ముగిసిపోతున్నాయని నాకు అనిపిస్తోంది. ఆడియోబుక్‌లో రెండు రచనలు ఉంటాయి: ఒకటి రచయితది, రెండోది దాన్ని గొంతుతో మనకు అందించినవారిది. ‘బాగుంది’ అన్నప్పుడు ఈ రెండింటిలో ఏది బాగుందో చెప్పినట్టు కాదు. సాధారణ సాంఘిక నవలకు ఈ విభజన అంతగా అవసరపడకపోవచ్చు, ఎందుకంటే అందులోని ఇల్లూ వీధీ మనకు ముందే తెలుసు. లేని లోకాన్ని కట్టి చూపించే సైన్స్ ఫిక్షన్‌కు, ఫాంటసీకి మాత్రం అది తప్పదు. అచ్చు పుస్తకంలో వింత పేరు వస్తే దాని అక్షరాలు కంటికి ఆనుతాయి, ముందు పేజీల్లో పటం ఉంటుంది, వెనక పదకోశం ఉంటుంది, అర్థంకాని పేరా మీదికి చూపు దానంతట అదే వెనక్కి మళ్లుతుంది. చెవికి ఈ సదుపాయాలేవీ లేవు కాబట్టి ఆ బరువంతా చదివే గొంతు మీదనే పడుతుంది. కనుక ఈ రెండు ప్రక్రియల్లో విన్న పుస్తకం గురించి అభిప్రాయం చెప్పదలిచినప్పుడు, ఆ గొంతు ఏ బరువును మోయగలిగింది, దేన్ని మోయలేకపోయింది అన్న ప్రశ్నతో మొదలుపెట్టమని మీకు నా సలహా.

మీకు నచ్చిన పుస్తకంతోనే చూద్దాం. ఆండీ వీర్ 2021లో ప్రచురించిన ఈ నవలను చదివినది రే పోర్టర్. అమెరికాలో ఆడియోబుక్‌లకు ఇచ్చే ఆడీ అవార్డుల్లో ఇది 2022లో ఆ ఏటి ఉత్తమ ఆడియోబుక్‌గా నిలిచింది. సూర్యుడి శక్తిని తినేస్తున్న సూక్ష్మజీవుల వల్ల భూమికి ముప్పు వస్తుంది. దాదాపు పన్నెండు కాంతి సంవత్సరాల దూరంలోని టౌ సెటి నక్షత్రానికి ఆ ముప్పు ఎందుకు తగల్లేదో తెలుసుకోవడానికి ఒక బడిపంతులు అంతరిక్ష నౌకలో వెళ్తాడు. కానీ కథ మొదలయ్యేసరికి తానెవరో, ఎక్కడున్నాడో అతనికే గుర్తులేదు. రెండూ రెండూ కలిపితే ఎంత అని ఒక యంత్రం అతన్ని అడుగుతుంది. జవాబు అతనికి తెలుసు, నోరు మాత్రం తిరగదు. అచ్చులో అక్షరాలను సాగదీసి చూపించిన ఆ నత్తిని రే పోర్టర్ మొద్దుబారిన నాలుకతో పలుకుతుంటే, నవ్వూ జాలీ రెండూ ఒకేసారి కలుగుతాయి. కొద్దిసేపటికి అతను ప్రయోగశాలలో వస్తువులను కిందికి వదిలి, అవి నేలను తాకడానికి పట్టే కాలాన్ని స్టాప్‌వాచ్‌తో కొలిచి, గురుత్వ త్వరణం సెకనుకు సెకనుకు 15 మీటర్లని లెక్కగడతాడు. భూమి మీద అది 9.8 మాత్రమే కాబట్టి తాను భూమి మీద లేనన్న సంగతి అతనికి అప్పుడు తెలుస్తుంది. ఇలాంటి లెక్కలు ఈ నవల నిండా ఉన్నాయి. చెవిన పడిన అంకెలు నిలవవు కాబట్టి ఇవి ఆడియోలో విసుగు పుట్టించవలసింది, కానీ అలా జరగదు. పోర్టర్ ఆ లెక్కలను పాఠం చెబుతున్నట్టు కాక, మనిషి తనలో తాను గొణుక్కుంటున్నట్టు చదువుతాడు. అంకె జారిపోయినా, ఆ అంకె వల్ల అతనికి కలిగిన భయం మనకు మిగులుతుంది.

ఈ నవల ఆధారంగా తీసిన సినిమా ట్రైలర్‌లోనే బయటపెట్టేశారు కాబట్టి, ఇందులో గ్రహాంతర జీవి ఉందని చెప్పడం ఇక రహస్యభేదనం కాదనుకుంటాను. ఆ జీవికి కళ్లు లేవు, పరిసరాలను శబ్దంతోనే గ్రహిస్తుంది, దాని భాష సంగీత స్వరాల కూర్పు. అచ్చు పుస్తకం ఆ భాషను సంగీతపు గుర్తులతో సూచించి ఊరుకోవలసి వచ్చింది. ఆడియోబుక్‌లో మొదట స్వరాలే వినిపిస్తాయి, కథానాయకుడికి ఆ భాష పట్టుబడే కొద్దీ వాటిలోంచి మాటలు తేలుతాయి. అతను నేర్చుకునే క్రమమే మన చెవి నేర్చుకునే క్రమం కూడా అవుతుంది. అచ్చు ప్రతి కంటే ఆడియో ప్రతి మేలైనదని నేను సంకోచం లేకుండా చెప్పగలిగిన కొద్ది పుస్తకాలలో ఇదొకటి. అయితే రచనను విడిగా చూస్తే, కథానాయకుడు తప్ప మిగిలిన మనుషులు చాలావరకు ఒక్కొక్క లక్షణంతో గీసిన రేఖాచిత్రాలే. ఆ పలుచదనాన్ని పోర్టర్ గొంతు కప్పిపుచ్చిందని కూడా మీరు మీ స్నేహితులకు చెప్పవచ్చు. పుస్తకం నచ్చినవారు దాని లోపం చెప్పకూడదన్న నియమమేమీ లేదు.

ఇక మిమ్మల్ని నిద్రపుచ్చిన ‘పిరనేసి’ సంగతి. సుసానా క్లార్క్ రాసిన ఈ నవల 2020లో వచ్చింది, మరుసటి ఏడు, స్త్రీలు రాసిన నవలలకు బ్రిటన్‌లో ఇచ్చే విమెన్స్ ప్రైజ్ గెలుచుకుంది. నటుడు చివెటెల్ ఎజియోఫోర్ చదివిన ఆడియో ప్రతికి ఆడీ అవార్డుల్లో 2021 ఉత్తమ ఆడియోబుక్ గౌరవం దక్కింది. అంటే మీరు మెచ్చినదీ, మీకు నిద్ర తెప్పించినదీ ఒకే అవార్డును వరుస సంవత్సరాల్లో అందుకున్నాయన్నమాట. అవార్డును చూసి పుస్తకం కొనుక్కోవడంలో ఉన్న చిక్కు ఇదే. ఈ నవలలోని లోకం అంతులేని గదులున్న ఒక మహాభవనం. కింది అంతస్తులో సముద్రం పోటెత్తుతుంది, పై అంతస్తులో మేఘాలు తిరుగుతాయి, గోడల పొడుగునా విగ్రహాలుంటాయి. కథ చెప్పే మనిషి అక్కడ దాదాపు ఒంటరి. మంగళ, శుక్రవారాల్లో వచ్చి కలిసే మరొకడు, పదమూడు మంది మృతుల అస్థికలు, ఇంతే అతనికి తెలిసిన మానవలోకం. ఆ అస్థికలను అతను సొంత బంధువులవైనట్టు కనిపెట్టుకుని ఉంటాడు. కథంతా అతని డైరీ రూపంలో సాగుతుంది. సంవత్సరాలకు అతను అంకెలు కాక, ఆల్బట్రాస్ పక్షి నైరుతి దిక్కు గదులకు వచ్చిన సంవత్సరం వంటి పేర్లు పెట్టుకుంటాడు.

ఇక్కడ గొంతు మీద పడిన బరువు వేరు. అచ్చు పుస్తకంలో ఇల్లు, విగ్రహం, పోటు వంటి మామూలు మాటలను కూడా రచయిత్రి పెద్ద అక్షరంతో మొదలుపెడుతుంది. ఆ లోకంలోని ప్రతి వస్తువూ అతనికి పూజనీయమని పాఠకుడి కంటికి వెంటనే తెలిసిపోతుంది. పెద్ద అక్షరం చెవికి వినపడదు. ఎజియోఫోర్ ఆ లోటును తన పలుకులోని వినయంతో పూరించాడు. గది పేరు చెప్పేటప్పుడు పెద్దల పేరు చెబుతున్నంత నెమ్మదిగా, ఎక్కడా గొంతు పెంచకుండా చదువుతాడు. ఆ నెమ్మదితనమే ఈ ప్రతికి ప్రాణం, ఆఫీసులో రోజంతా అలసిపోయి ఏసీ కారులో వెనక సీట్లో కూర్చున్నవారికి అదే జోలపాట కూడా. కాబట్టి మీ అభిప్రాయంలో ‘నాకు నిద్ర వచ్చింది’ అన్నమాట తప్పక ఉండాలి, దాని పక్కన ఎప్పుడు, ఎక్కడ విన్నారో కూడా ఉండాలి. ఏడు గంటల పుస్తకమే కనుక, సెలవునాడు ఉదయం కాఫీ తరువాత, ఫోను పక్కన పెట్టి మొదటి గంట మాత్రం మళ్లీ వినండి. గదుల దిక్కులను గుర్తుపెట్టుకోవాలని ప్రయత్నించకండి, అది కథకుడి పని. ఆ కథకుడికి తెలియనిది మనకు తెలుస్తోందన్న అనుమానం మొదలైన క్షణం నుంచి ఇది నిజానికి ఒక అపరాధ పరిశోధన కథ. ఆ మలుపు దాకా వెళ్లి కూడా నచ్చకపోతే, ఇక మీ స్నేహితుల ముందు మొహమాటపడనవసరం లేదు.

‘ద వే ఆఫ్ కింగ్స్’ను వదిలేసినందుకు నేను మిమ్మల్ని తప్పుపట్టను. బ్రాండన్ శాండర్సన్ 2010లో రాసిన ఈ నవల ఆడియోలో 45 గంటలు దాటుతుంది. రోజుకు గంట చొప్పున వింటే నెలన్నర పడుతుంది, మీ నెలవారీ సమావేశానికి ఇది ఎలాగూ కుదరదు. పైగా దీనికి మూడు ప్రారంభాలున్నాయి. యుగాల నాటి ఒక ఘట్టం, ఆ తరువాత ఒక రాజు హత్య, అటుపైన యుద్ధభూమిలో ఒక కుర్రవాడు, మూడింటిలో ముగ్గురు వేర్వేరు మనుషుల చూపు నుంచి కథ నడుస్తుంది. అసలు నాయకుడు కాలడిన్‌ను మనం దగ్గరగా పట్టుకునేసరికి చెవి అలసిపోతుంది. మైకేల్ క్రేమర్, కేట్ రీడింగ్ దంపతులు దీన్ని పంచుకుని చదివారు. పురుషుల అధ్యాయాలు ఆయనవి, స్త్రీలవి ఆమెవి కావడం వల్ల ఎవరి కథలో ఉన్నామో కొంత తెలుస్తుంది. అయినా ఇటువంటి బృహన్నవలలను మొదటిసారి కళ్లతో చదివి, రెండోసారి వినడమే మేలని నా అభిప్రాయం. మరీ వినాలనిపిస్తే పటం ఒకటి దగ్గర పెట్టుకోండి. కొన్ని ఆడియోబుక్‌లకు బొమ్మలను, పటాలను పీడీఎఫ్ రూపంలో జతచేస్తారు.

ఈ మధ్య నేను విన్నవాటిలో మనసుకు పట్టినది ఎన్.కె. జెమిసిన్ ‘ద ఫిఫ్త్ సీజన్’. ఈ నవలాత్రయంలోని మూడు పుస్తకాలూ 2016, 2017, 2018లలో వరుసగా ఉత్తమ నవలకు, సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకిచ్చే హ్యూగో పురస్కారం పొందాయి, అంతకు ముందు మరే రచయితకూ అలా జరగలేదు. భూకంపాలతో నాగరికతలే తుడిచిపెట్టుకుపోయే ఖండం అది. భూమి కదలికలను అదుపు చేయగలిగినవారిని ఆ సమాజం వాడుకుంటుంది, అసహ్యించుకుంటుంది కూడా. మూడు కథలు పక్కపక్కనే నడుస్తాయి, వాటిలో ఒకటి ‘నువ్వు ఇలా చేశావు, నువ్వు అలా నడిచావు’ అంటూ మధ్యమ పురుషలో సాగుతుంది. కాగితం మీద ఆ ప్రయోగం మొదట కాస్త కృత్రిమంగా కనిపించవచ్చు. రాబిన్ మైల్స్ గొంతులో విన్నప్పుడు, బిడ్డను పోగొట్టుకున్న ఆ తల్లితో ఎవరో దగ్గర కూర్చుని మాట్లాడుతున్నట్టు ఉంటుంది. ఆ మాట్లాడేది ఎవరన్న ప్రశ్న కూడా మనసులో మెదులుతూనే ఉంటుంది. కష్టమల్లా కొత్త పదాలతోనే. అచ్చు పుస్తకం చివర పదకోశం ఉంది, వినేవారు మధ్యలో ఆగి దాన్ని తిరగేయలేరు. అర్థంకాని పదాలను మొదటి రెండు గంటలూ అలా పోనివ్వండి, వాటిలో ఎక్కువభాగం సందర్భాన్ని బట్టి తేటపడతాయి. మీ బృందంలో వేగాన్ని ఒకటిన్నర రెట్లకు పెంచి వినే స్నేహితుడు ఒకరు తప్పక ఉండి ఉంటారు, ఆయన్ను ఈ పుస్తకానికి మాత్రం ఆ పని చేయవద్దనండి.

నవ్వుకోవాలంటే మార్తా వెల్స్ ‘ఆల్ సిస్టమ్స్ రెడ్’ వినండి. మూడు గంటల పైన కొద్ది నిమిషాలే. తనను అదుపులో ఉంచే పరికరాన్ని తానే హ్యాక్ చేసుకుని స్వేచ్ఛ పొందిన ఒక భద్రతా యంత్రం, ఆ స్వేచ్ఛతో సామూహిక హత్యలు చేయగలిగి కూడా, తీరిగ్గా సీరియళ్లు చూస్తూ కూర్చోవడానికే ఇష్టపడుతుంది. రాత్రి భోజనాల వేళ టీవీ ముందు నుంచి కదలని బంధువులున్న మన ఇళ్లలో ఈ పాత్రను ప్రేమించనివారు ఉండరు. కెవిన్ ఆర్. ఫ్రీ చదివిన తీరులోని విసుగు, బిడియం నాకెంతో నచ్చాయి. కానీ ఇక్కడ మీ చర్చకు పనికొచ్చే ఒక చిక్కు ఉంది. ఆ యంత్రం ఆడా మగా కాదని రచయిత్రి స్పష్టం చేసింది. అచ్చులో పాఠకుడు దాన్ని అలాగే ఊహించుకోగలడు, మగ గొంతు వినగానే ఆ ఊహ ఒక పక్కకు ఒరిగిపోతుంది. పుస్తకం తెరిచి ఉంచినదాన్ని ఆడియోబుక్ మూసేసిన సందర్భం ఇది. దీనితో మీలో ఎవరైనా విభేదిస్తే అప్పుడు నిజమైన చర్చ జరుగుతుంది.

టెర్రీ ప్రాచెట్ రాసిన హాస్య ఫాంటసీలు ‘డిస్క్‌వరల్డ్’ నవలల కొత్త రికార్డింగులు 2022 నుంచి వెలువడ్డాయి. అధోజ్ఞాపికలను (ఫుట్‌నోట్లను) బిల్ నై, మృత్యుదేవత మాటలను పీటర్ సెరఫినోవిచ్ వేరుగా చదవడం వల్ల, కంటి కోసం చేసిన చమత్కారాలు చెవికి కూడా అందుతాయి. ‘ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్’కు రాబ్ ఇంగ్లిస్ 1990లో చదివిన ప్రతి, ఆండీ సెర్కిస్ 2021లో చదివిన ప్రతి రెండూ దొరుకుతాయి. ఒకే కీర్తనను ఇద్దరు విద్వాంసులు పాడినప్పటిలా పోల్చి వినవచ్చు. సినిమాల్లో గొల్లమ్ పాత్ర వేసిన సెర్కిస్ ప్రతి పాత్రనూ నటిస్తాడు, ఇంగ్లిస్ తాతగారిలా కథ చెప్పి పాటలు పాడతాడు. నాది ఇంగ్లిస్ పక్షం.

మీ మూడో ప్రశ్నకు వస్తాను. మీ సమావేశంలో మాట్లాడేవారు, తాము ఆ పుస్తకాన్ని ఏ పరిస్థితుల్లో, ఎంత వేగంతో విన్నారో మొదటే చెప్పేయాలన్న అలవాటు చేసుకోండి. ట్రాఫిక్‌లో బండి నడుపుతూ విన్నవారి ‘అర్థం కాలేదు’కూ, గదిలో ఒంటరిగా విన్నవారి ‘అర్థం కాలేదు’కూ చాలా దూరం ఉంది. వినేటప్పుడు నచ్చిన చోట, చికాకు పుట్టిన చోట యాప్‌లో బుక్‌మార్క్ పెట్టుకుని, కలిసినప్పుడు ఆ ఒక్క నిమిషం అందరికీ వినిపించండి. గొంతు గురించి పది వాక్యాలు చెప్పడం కంటే అది మేలు. కథ గుట్టు విప్పకుండా ఉండడానికి, మాట్లాడబోయేది ఎన్నో గంట వరకో ముందే ప్రకటించండి. పూర్తిచేయనివారు కూడా తప్పక మాట్లాడాలి. ఎక్కడ వదిలేశారో, ఎందుకు వదిలేశారో చెబితే అది కూడా సంపూర్ణమైన అభిప్రాయమే. ఉదాహరణకు మీరు ‘ద వే ఆఫ్ కింగ్స్’ గురించి, ‘ఐదు గంటల్లో ముగ్గురు మనుషులు వచ్చి వెళ్లారు, ఎవరి వెంట నడవాలో నాకు తెలియలేదు, గొంతులతో మాత్రం నాకు ఏ ఇబ్బందీ లేదు’ అన్నారనుకోండి, అందులో కొనదలిచినవారికి కావలసిన సమాచారమంతా ఉంది. ఉచ్చారణల మీద మాత్రం పోట్లాడుకోకండి. విన్నవారికి స్పెల్లింగు తెలియదు, చదివినవారికి పలుకు తెలియదు, ఎవరూ గెలవరు.

మీరు అడగలేదు గానీ, ఈ చర్చలోకి తెలుగును కూడా తీసుకురమ్మని కోరతాను. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి రాసిన జానపద ధారావాహికలను ఇంట్లో ఒకరు చదువుతుంటే మిగతావారు చుట్టూ చేరి విన్న కుటుంబాలు ఎన్నో. నెలనెలా ఉత్కంఠతో ఆగే ఆ కథల నిర్మాణం చెవికి చక్కగా సరిపోతుంది. లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో గుర్రపు ముఖమున్న గంధర్వుడు వచ్చిపడే విశ్వనాథ సత్యనారాయణ ‘హాహాహూహూ’ను మీలో ఒకరు పైకి చదివి ఫోనులో రికార్డు చేసి మిగతా ముగ్గురికీ వినిపిస్తే, చదివేవారి కష్టం ఎంతటిదో కూడా తెలిసివస్తుంది.

వచ్చే నెలకు ‘ఆల్ సిస్టమ్స్ రెడ్’ పెట్టుకోండి. చిన్నది కాబట్టి నలుగురూ పూర్తిచేసి వస్తారు, గొంతు విషయంలో భిన్నాభిప్రాయం ఎలాగూ తప్పదు. ఏ పుస్తకానికైనా డబ్బు కట్టే ముందు నమూనాను ఉచితంగా వినే వీలుంటుంది, దాన్ని ఇంట్లో కాక మీరు రోజూ వినే ఆ కారులోనే వినండి. ఖర్చు లేకుండా సాధన చేయాలనుకుంటే, 2005 నుంచి స్వచ్ఛంద పాఠకులు కాపీరైట్ తీరిన పుస్తకాలను చదివిపెడుతున్న లిబ్రివాక్స్‌లో హెచ్.జి. వెల్స్ ‘ద టైమ్ మెషిన్’ దొరుకుతుంది. 1895 నాటి ఆ చిన్న నవలను ఇద్దరు వేర్వేరు పాఠకుల గొంతుల్లో విని చూడండి. మీకు ‘పిరనేసి’ రెండోసారి ఎలా వినిపించిందో వీలైతే రాయండి.